మంచం మీద ఒత్తిగిలితే ఇల్లంతా గిర్రున తిరుగుతోంది – అమ్మకి రెండేళ్ళుగా మాత్రలే, వేరే దారి లేదా?

బాపట్ల_చిన్నోడు | జూన్ 3, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా అమ్మకి 64 ఏళ్ళు. రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున కుడిపక్కకి ఒత్తిగిలింది, అంతే, ఇల్లు గిర్రున తిరిగిందంట. మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని "ఒరే, పడిపోతున్నానురా" అని కేకేసింది. పడుకుని ఉన్న మనిషి పడిపోతున్నానంటుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నిమిషంలోపే తగ్గింది. ఆ తర్వాత రెండుసార్లు వాంతి.

మొదట గ్యాస్ అన్నారు. తర్వాత బీపీ అన్నారు. ఇంకోచోట మెడకి ఎక్స్‌రే తీసి ఎముకలు అరిగాయి, నరం నొక్కుకుంటోంది అని కాలర్ పెట్టించారు. ఎంఆర్ఐ తీశారు, అందులో ఏమీ లేదన్నారు. తిరుగుడు తగ్గే మాత్రలంటూ బీటాహిస్టిన్ రోజుకి మూడు, ప్రోక్లోర్‌పెరజీన్ రెండు, రెండేళ్ళుగా వేస్తూనే ఉన్నాం. కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ మొదలు.

ఇప్పుడు అమ్మ కుడివైపు పడుకోవడమే మానేసింది. అటక మీద జాడీ దించాలంటే నన్ను పిలుస్తుంది. తలంటు పోసుకుంటే స్నానాలగది తలుపు గడియ వేసుకోదు, "గుమ్మం దగ్గరే ఉండరా" అంటుంది. ఇల్లంతా ఒంటిచేత్తో నడిపిన మనిషి.

చెవిలో ఏవో పలుకులు కదిలితే ఇలా అవుతుందని ఆఫీసులో ఒకరు చెప్పారు. ఈ మధ్య దీని మీద పరిశోధనలు కూడా వచ్చాయంట. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఈఎన్‌టీ_పీజీ_విశాఖ | జూన్ 3, రాత్రి 11:25

చిన్నోడు గారూ, ముందు నాలుగు సంగతులు చెప్పండి. ఒక్కోసారి తిరుగుడు ఎంతసేపు ఉంటుంది, సెకన్లా, గంటలా? ఊరికే కూర్చున్నా వస్తుందా, తల కదిపితేనే వస్తుందా? ఆ సమయంలో చెవి దిబ్బడ వేయడం, హోరు, వినికిడి తగ్గడం ఉన్నాయా? మాట తడబడటం, ఒకటి రెండుగా కనపడటం, కాలూ చేయీ పట్టు తప్పడం ఎప్పుడైనా జరిగాయా?

ఈ జబ్బులో పరీక్షల కంటే ఈ జవాబులే ఎక్కువ చెబుతాయి.

కరీంనగర్_లక్ష్మి | జూన్ 4, ఉదయం 6:50

అన్నా, మా అమ్మకు గూడ గిట్లనే అయింది. పొద్దుగాల లేవంగనే కండ్లు తిరుగుడు, వాంతులు. అందరు పైత్యం అన్నరు, నిమ్మకాయ నీళ్ళు తాపిచ్చినం, ఆర్నెల్లు గట్లనే పోయినయ్. ఆఖరికి ఒక ఈఎన్‌టీ సారు మంచం మీద పండవెట్టి తల అటు ఇటు తిప్పిండు. ఐదు నిమిషాలు గూడ పట్టలే. మందు ఒక్కటి రాయలే. మేమైతే నమ్మలే అప్పుడు. రెండో రోజుకల్లా మా అమ్మ ఎప్పటిలెక్క ఆకిలూడ్చి సాంపి చల్లింది.

మీ అమ్మను ఒక్కసారి ఈఎన్‌టీకి సూపియ్యి అన్నా. ఎంఆర్ఐలు సాలు.

బాపట్ల_చిన్నోడు | జూన్ 4, మధ్యాహ్నం 1:15

పీజీ గారూ, అమ్మని అడిగి రాస్తున్నా. తిరుగుడు అర నిమిషం, మహా అయితే నిమిషం. కూర్చుంటే రాదు. కుడివైపు ఒత్తిగిలినా, పడుకోబోతూ తల వెనక్కి వాల్చినా, పైకి చూసినా వస్తుంది. చెవి బాగానే వినిపిస్తుంది, హోరు లేదు. మాట, చూపు, నడక అన్నీ సరిగానే ఉన్నాయి. తగ్గాక రోజంతా తేలిపోతున్నట్టు ఉంటుందంట. మందుల చీటీలు ఫొటో పెడుతున్నా.

మోడరేటర్ | జూన్ 4, మధ్యాహ్నం 1:32

చీటీల మీద పేషెంటు పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి పేరు కనపడుతున్నాయి. ఫొటోలు తీసేశాను. మందుల పేర్లు టైపు చేస్తే చాలు.

ఈఎన్‌టీ_పీజీ_విశాఖ | జూన్ 4, రాత్రి 9:48

మీరు చెప్పినదాన్ని బట్టి బీపీపీవీ, అంటే తల కదిపినప్పుడు కాసేపు వచ్చిపోయే తిరుగుడు, అనే అనుమానం బలంగా ఉంది. ఖాయం చేయాల్సింది మంచం మీద పడుకోబెట్టి చూసే డాక్టరే, నేను కాదు. కానీ విషయం ఏమిటో చెబుతాను.

లోపలి చెవిలో ఒక చిన్న సంచి ఉంటుంది. దాంట్లో జిగురు పొర మీద సన్నటి పలుకులు అతుక్కుని ఉంటాయి. అవి క్యాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో ఉండేదే. వయసు మీద పడటం వల్లో, తలకి దెబ్బ తగలడం వల్లో, చాలాసార్లు ఏ కారణం తెలియకుండానో కొన్ని పలుకులు ఊడి పక్కనున్న అర్ధవృత్తాకారపు గొట్టాల్లోకి జారతాయి. ఎక్కువమందిలో వెనక గొట్టంలోకే. బిందె అడుగున ఇసుక ఉందనుకోండి, బిందె కదలకపోతే నీళ్ళు తేటగానే ఉంటాయి. వంచగానే ఇసుక జారుతుంది. ఇక్కడా అంతే. తల వాల్చగానే పలుకులు జారి గొట్టంలోని ద్రవాన్ని తోస్తాయి, మెదడుకి "తల గిర్రున తిరుగుతోంది" అన్న తప్పుడు కబురు వెళ్తుంది. పలుకులు అడుక్కి చేరగానే ఆగిపోతుంది. అందుకే నిమిషం.

దీన్ని కనిపెట్టే పరీక్ష పేరు డిక్స్-హాల్‌పైక్, 1952 నుంచీ ఉంది. తల 45 డిగ్రీలు పక్కకి తిప్పి, చప్పున వెనక్కి పడుకోబెట్టి, తల మంచం అంచు కంటే కొంచెం కిందికి వాల్చి కళ్ళు చూస్తారు. జబ్బు ఉంటే కొన్ని సెకన్ల తర్వాత నల్లగుడ్లు మెలితిరుగుతూ పైకి పైకి కొట్టుకుంటాయి. దాన్నే నిస్టాగ్మస్ అంటారు. ఎంఆర్ఐలో ఈ పలుకులు కనపడవు. అమెరికా ఈఎన్‌టీ అకాడమీ 2017 మార్గదర్శకాల్లో కూడా, వేరే అనుమానాలు లేకపోతే స్కానులు వద్దనీ, తిరుగుడు అణిచే మాత్రలు అదే పనిగా ఇవ్వొద్దనీ రాశారు.

నాకు బాధ కలిగించేది ఒకటే. ఇది గొట్టంలో ఇరుక్కున్న పలుకు. మాత్ర దాన్ని కదపలేదు. రెండేళ్ళు మాత్రలు మింగిన మీ అమ్మగారిని ఒక్కరైనా డిక్స్-హాల్‌పైక్ చేసి చూశారా?

బాపట్ల_చిన్నోడు | జూన్ 4, రాత్రి 10:05

లేదండి. ఒక్కరూ పడుకోబెట్టి చూడలేదు. బీపీ చూశారు, మెడ నొక్కి చూశారు, చీటీ రాశారు.

పాత_లెక్కల_మాస్టారు | జూన్ 5, ఉదయం 5:30

నాయనలారా, మా ఇంటావిడకీ ఏడాదిగా ఇదే అవస్థ, అందుకే శ్రద్ధగా చదువుతున్నాను. తల అటూ ఇటూ తిప్పితే జబ్బు పోతుందంటే మా చిన్నప్పుడు ఊళ్ళో బెణుకులు తీసేవాళ్ళ మాటలా వినిపిస్తోంది. ఒకరిద్దరికి తగ్గిందంటే నేను ఒప్పుకోను. దానంతటదే తగ్గే రోజు వచ్చి ఉండొచ్చు కదా. లెక్క ఉంటే చూపించండి.

ఈఎన్‌టీ_పీజీ_విశాఖ | జూన్ 5, రాత్రి 8:10

మాస్టారూ, ఈ చికిత్సని తయారుచేసిన డాక్టర్ జాన్ ఎప్లీకి ఎదురైన ప్రశ్న కూడా ఇదే. ఆయన అమెరికాలో ఆరిగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో చెవి వైద్యుడు. 1980ల్లోనే చేసి చూపించినా తోటి వైద్యులు చాలామంది నమ్మలేదు. పద్ధతి పత్రికలో అచ్చయింది 1992లో. అదే ఏడాది కెనడాలో ఇద్దరు సర్జన్లు, ఆపరేషన్‌లో గొట్టం తెరిచినప్పుడు లోపల తేలుతున్న పలుకులని కళ్ళారా చూసి ప్రచురించారు.

ఇక లెక్క. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్ళు 2014లో 11 ట్రయల్స్ కలిపి చూశారు, మొత్తం 745 మంది. ఉత్తుత్తిగా తల తిప్పినవాళ్ళు, ఏమీ చేయనివాళ్ళలో నూటికి 21 మందికి తిరుగుడు పూర్తిగా పోయింది. నిజంగా ఎప్లీ చేసినవాళ్ళలో నూటికి 56 మందికి పోయింది.

పాత_లెక్కల_మాస్టారు | జూన్ 5, రాత్రి 8:55

సంతోషం. అంటే ఏమీ చేయకపోయినా నూటికి 21 మందికి తగ్గుతుంది. ఆ 21 మంది ఆ సమయంలో ఏ మాత్ర మింగితే ఆ మాత్రకే పేరు వస్తుంది. మా ఇంట్లో జరిగింది ఇదే. మొదటిసారి ఏదో సిరప్ తాగితే తగ్గింది, అప్పటినుంచీ ఆ సిరప్ మీద నమ్మకం.

మిగతా 44 మంది సంగతి?

ఈఎన్‌టీ_పీజీ_విశాఖ | జూన్ 5, రాత్రి 9:20

మళ్ళీ చేయాలి. ఒకసారితో పోకపోతే రెండోసారి, మూడోసారి. కొందరికి పలుకులు పక్క గొట్టంలో ఉంటాయి, వాళ్ళకి ఎప్లీ పనిచేయదు. పొర్లించే పద్ధతి వేరే ఉంది. అందుకే ఏ చెవి, ఏ గొట్టం అన్నది ముందు తేల్చుకోవాలి.

డల్లాస్_కోడలు | జూన్ 6, ఉదయం 7:05

నాకు 41. నిరుడు యోగాలో సేతుబంధాసనం వేసి తల వెనక్కి వాల్చగానే మొదలైంది. ఇక్కడ దీన్ని ఫిజికల్ థెరపిస్టులు చూస్తారు. కళ్ళకి నల్లటి గాగుల్స్ పెట్టి, లోపలి కెమెరాతో కళ్ళ కదలిక తెర మీద చూపించారు. నా కళ్ళు అలా కొట్టుకోవడం నేనే తర్వాత రికార్డింగ్‌లో చూసి భయపడ్డా.

నాకు చేసింది ఎప్లీ కాదు, సెమాంట్ ప్లస్. ఒక పక్కకి చప్పున పడుకోబెట్టి, తల భూమికి సమాంతరం కంటే ఇంకో 60 డిగ్రీలు కిందికి దించి ఉంచి, అక్కడినుంచి ఒక్క ఊపులో అవతలి పక్కకి తిప్పుతారు. తర్వాత ఇంట్లో పొద్దున మూడు, మధ్యాహ్నం మూడు, సాయంత్రం మూడు చొప్పున చేసుకోమన్నారు.

మా ఆయనకి అనుమానాలెక్కువ, వెతికి పట్టుకొచ్చారు. 2023లో జామా న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిందట. మ్యూనిక్, సియెనా, బ్రూజ్ ఆసుపత్రుల్లో వెనక గొట్టం జబ్బున్న 195 మందిని సగం సగం చేసి పోల్చారు. మొదటిసారి డాక్టరు చేశాక ఇంట్లో సొంతంగా చేసుకుంటే, సెమాంట్ ప్లస్ వాళ్ళకి సగటున 2 రోజుల్లో తగ్గింది, ఎప్లీ వాళ్ళకి 3.3 రోజులు పట్టింది. తేడా ఒక రోజే అనిపించొచ్చు. దిండుకి అతుక్కుని పడుకున్నవాళ్ళకి ఆ ఒక్క రోజు చాలా పెద్దది. నాకు మూడో రోజు పొద్దున పోయింది.

గోదావరి_గట్టు | జూన్ 6, రాత్రి 9:15

మందుల గురించి ఒక్క మాట చెప్పాలి. మా నాన్నగారు ఇదే తిరుగుడికి సినరిజిన్, ప్రోక్లోర్‌పెరజీన్ నాలుగేళ్ళు వాడారు. ఎవరూ ఆపమనలేదు, మెడికల్ షాపులో పాత చీటీ చూపిస్తే ఇచ్చేవారు. మూడో ఏట కుడిచెయ్యి వణకడం మొదలైంది. కాఫీ గ్లాసు పట్టుకుంటే సాసర్ టకటకమనేది. నడకలో అడుగులు చిన్నవైపోయాయి. పార్కిన్సన్స్ వచ్చిందని ఇంటిల్లిపాదీ ఏడ్చాం. న్యూరాలజిస్టు పాత చీటీలన్నీ ముందేసుకుని చూసి, ఈ మాత్రల వల్ల కూడా ఇలా వస్తుందని చెప్పి మెల్లగా ఆపించారు. ఏడెనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు వణుకు లేదు, కాఫీ ఆయనే కలుపుకుంటారు.

ప్రాణం తీసే జబ్బు కాదు కదా అని ఏళ్ళ తరబడి మాత్రలు మింగించకండి.

ఈఎన్‌టీ_పీజీ_విశాఖ | జూన్ 6, రాత్రి 10:30

గట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం, ముఖ్యంగా పెద్దవాళ్ళలో. వాంతులు ఆగక ఇబ్బందిపడే రెండు మూడు రోజులకి ఆ మాత్రలు పనికొస్తాయి. నెలల తరబడి కాదు. అయితే ఎవరూ ఇది చదివి రేపు పొద్దున్నే టక్కున ఆపేయకండి, మీ డాక్టరుతో మాట్లాడి ఆపండి.

తిరుపతి_రైలు | జూన్ 7, ఉదయం 11:40

నాది వేరు. తిరుగుడు రెండు మూడు గంటలుంటుంది. ముందు ఎడమ చెవి దిబ్బడేసి, హోరు పెట్టి, వినికిడి తగ్గిపోతుంది. మీనియర్ అనే లోపలి చెవి జబ్బు అన్నారు. ఆరేళ్ళుగా బీటాహిస్టిన్. నాకూ ఈ తల తిప్పే వైద్యం పనిచేస్తుందా?

ఈఎన్‌టీ_పీజీ_విశాఖ | జూన్ 7, రాత్రి 9:00

పనిచేయదండి. మీది పలుకుల జబ్బు కాదు.

బీటాహిస్టిన్ గురించి మాత్రం తెలుసుకోండి. జర్మనీలో మీనియర్ ఉన్న 221 మందికి 9 నెలలు ఇచ్చి చూశారు. ఒక గుంపుకి రోజుకి 48 మిల్లీగ్రాములు, ఒక గుంపుకి 144, ఒక గుంపుకి మందు లేని ఉత్తి మాత్ర. 2016లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. మూడు గుంపుల్లోనూ తిరుగుడు తగ్గింది, ఒకేలా తగ్గింది. మాత్రలతో అదుపు కాకపోతే కర్ణభేరి గుండా మందు ఎక్కించే పద్ధతి ఉంది. లండన్, లెస్టర్ ఆసుపత్రుల్లో 60 మంది మీద చేసిన ట్రయల్ అదే ఏడాది లాన్సెట్ పత్రికలో వచ్చింది. జెంటామైసిన్‌తో రెండేళ్ళలో తిరుగుళ్ళు 87 శాతం తగ్గాయి, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తో 90 శాతం. జెంటామైసిన్ వినికిడిని దెబ్బతీసే ప్రమాదం ఉంది కాబట్టి స్టెరాయిడ్ సంగతి మీ డాక్టరుతో తప్పకుండా మాట్లాడండి.

శ్రీకాకుళం_నర్సు | జూన్ 7, రాత్రి 11:10

ఎమర్జెన్సీ వార్డులో పన్నెండేళ్ళుగా పని చేస్తున్నాను. ఈ థ్రెడ్ చదివి ప్రతి తిరుగుడూ పలుకులే అనుకుంటారేమోనని రాస్తున్నా. గంటల తరబడి ఆగకుండా తిరుగుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, మింగుడు పడకపోతే, ఒకటి రెండుగా కనిపిస్తే, నిలబడలేక ఒక పక్కకి ఒరిగిపోతుంటే, ఎప్పుడూ లేని తలనొప్పి వస్తే తల తిప్పుతూ కూర్చోవద్దు. అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. మెడ ఆపరేషన్ అయినవాళ్ళు, కంటి రెటీనా ఊడినవాళ్ళు కూడా ఇంట్లో చెయ్యకూడదు.

బాపట్ల_చిన్నోడు | జూన్ 14, రాత్రి 8:20

ఇవాళ అమ్మని గుంటూరులో ఒక ఈఎన్‌టీ డాక్టరు గారికి చూపించాం. వివరంగా రాస్తా.

కాలర్ తీయించారు. మంచం మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టి, "అమ్మా, తిరుగుతుంది, నేను పట్టుకునే ఉంటాను, కళ్ళు మాత్రం మూయకండి" అన్నారు. ముందు ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు, ఏమీ లేదు. కుడివైపు తిప్పి పడుకోబెట్టారు. మూడు, నాలుగు, ఐదు సెకన్లు ఏమీ లేదు. తర్వాత అమ్మ నా చొక్కా గుప్పిట్లో పట్టేసింది. నన్ను వంగి కళ్ళలోకి చూడమన్నారు డాక్టరు గారు. నల్లగుడ్లు రెండూ మెలితిరుగుతూ పైకి ఎగిరెగిరి పడుతున్నాయి. ఇరవై సెకన్లకి నెమ్మదించి ఆగాయి. రెండేళ్ళ జబ్బుని నేను మొదటిసారి కళ్ళతో చూశాను.

అక్కడినుంచి తల మెల్లగా ఎడమవైపుకి తిప్పి నిమిషం ఉంచారు. తర్వాత మొత్తం మనిషిని ఎడమపక్కకి ఒత్తిగిల్లమని, ముక్కు నేలని చూసేలా తల వంచి ఇంకో నిమిషం. అప్పుడు మళ్ళీ కొంచెం తిరిగింది. గడ్డం కిందికే ఉంచి లేపి కూర్చోబెట్టారు. లేవగానే ముందుకి తూలింది, ఆయన పట్టుకున్నారు. పావుగంట కూర్చోబెట్టి మళ్ళీ కుడివైపు పడుకోబెట్టి చూశారు. ఏమీ రాలేదు.

అమ్మ "అయిపోయిందా?" అని మూడుసార్లు అడిగింది. మాత్రలు పది రోజుల్లో మెల్లగా ఆపమన్నారు. రాత్రి కూర్చునే నిద్రపోవాలా అని అడిగితే, పాత రోజుల్లో అలా చెప్పేవాళ్ళం, ఇప్పుడు అక్కర్లేదు, మీ ఇష్టం వచ్చినట్టు పడుకోండి అన్నారు.

ఇంటికొచ్చేసరికి బస్సులోనే నిద్రపోయింది, కుడివైపు నా భుజం మీద తల వాల్చి.

కరీంనగర్_లక్ష్మి | జూన్ 14, రాత్రి 8:45

సదువుతుంటే కండ్లల్ల నీళ్ళు వచ్చినయ్ అన్నా. అమ్మ పైలం.

బాపట్ల_చిన్నోడు | జూలై 29, ఉదయం 9:30

ఆరు వారాలు ఏమీ లేదు. నిన్న తెల్లవారుజామున మళ్ళీ వచ్చింది, కొంచెం తక్కువగా. అమ్మ బెదిరిపోలేదు. "మళ్ళీ జారినట్టుందిరా" అంది అంతే. కానీ ఇలా ఎన్నిసార్లు? మళ్ళీ మళ్ళీ రాకుండా ఏదైనా ఉందా?

ఈఎన్‌టీ_పీజీ_విశాఖ | జూలై 29, రాత్రి 9:15

తిరగబెట్టడం ఈ జబ్బు స్వభావం. దాని మీద నాకు బాగా నచ్చిన ట్రయల్ కొరియాది, 2020లో న్యూరాలజీ పత్రికలో వచ్చింది. 8 ఆసుపత్రుల్లో తలతిరుగుడు తగ్గిన 957 మందిని ఏడాదిపాటు చూశారు. ఒక గుంపుకి రక్తంలో విటమిన్ డి పరీక్ష చేసి, మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉన్నవాళ్ళకి విటమిన్ డి 400 యూనిట్లు, క్యాల్షియం కార్బొనేట్ 500 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఇచ్చారు. రెండో గుంపుకి పరీక్షా లేదు, మందూ లేదు. తిరగబెట్టడం మొదటి గుంపులో మనిషికి ఏడాదికి సగటున 0.83 సార్లు, రెండో గుంపులో 1.10 సార్లు.

పలుకులు క్యాల్షియంతో చేసినవే కాబట్టి ఇది సబబుగానే ఉంది. పూర్తిగా ఆపేయదు, దాదాపు పావు వంతు తగ్గిస్తుంది. మన దగ్గర ఎండ ఎంతున్నా ఇంటిపట్టునే ఉండే ఆడవాళ్ళలో విటమిన్ డి తక్కువ ఉండటం నేను ఓపీలో రోజూ చూస్తున్నా. అమ్మగారికి పరీక్ష చేయించండి. వారానికి 60,000 యూనిట్ల సాచెట్లు మీ అంతట మీరు కొని వేయొద్దు, కిడ్నీలో రాళ్ళుంటే డాక్టరుకి ముందే చెప్పండి.

ఏ చెవి, ఏ గొట్టం అన్నది ఇప్పటికే తేలింది కాబట్టి ఇంట్లో చేసుకోవడం గురించి ఆ డాక్టరు గారినే అడగండి. అదే కొరియా వాళ్ళు 2023లో ఇంకోటి చేశారు. తిరగబెట్టినవాళ్ళు ఇంటర్నెట్‌లో ఆరు ప్రశ్నలకి జవాబిస్తే, ఏ గొట్టమో లెక్కగట్టి, దానికి తగ్గ వీడియో చూపిస్తుంది. అది చూసి సొంతంగా చేసుకున్నవాళ్ళలో 72 శాతం మందికి తగ్గింది, వీడియో లేనివాళ్ళలో 43 శాతం. వాళ్ళందరూ అంతకుముందు డాక్టరు చేత జబ్బు నిర్ధారణ అయినవాళ్ళే, అది మరవకండి.

బాపట్ల_చిన్నోడు | ఆగస్టు 6, రాత్రి 10:00

విటమిన్ డి 11 ఉంది. మందు మొదలుపెట్టారు. ఎప్లీ ఎలా చేయాలో డాక్టరు గారు నాకు నేర్పించారు, ఆయన ముందే చేయించారు. ఆదివారం ఇంట్లో నేనే చేశా. భుజాల కింద దిండు పెట్టి, ఫోన్‌లో నిమిషం నిమిషం టైమర్ పెట్టుకుని. మా చెల్లెలు పక్కన చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడింది. రెండోసారికి తిరుగుడు రాలేదు.

నిన్న అటక మీద నుంచి జాడీ తనే దించింది. నేను చూసేసరికి స్టూలు దిగుతోంది. అరిచా. "నువ్వు అరిస్తేనే పడతాను" అంది.

పాత_లెక్కల_మాస్టారు | ఆగస్టు 7, ఉదయం 5:20

చిన్నోడూ, ఈ థ్రెడ్ అంతా పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించి మా ఇంటావిడకి చదివి వినిపించాను. శనివారం ఈఎన్‌టీ దగ్గరికి వస్తానంది. సిరప్ సీసా మాత్రం సంచీలో పెట్టుకుంటానంటోంది, పెట్టుకోనీ.

పీజీ గారూ, ఏ వైపు అని అడిగితే ఏం చెప్పాలి? ఆవిడకి రెండు వైపులా వస్తున్నట్టే ఉందంటోంది.

ఈఎన్‌టీ_పీజీ_విశాఖ | ఆగస్టు 7, ఉదయం 7:40

మాస్టారూ, ఈ మూడు రాత్రులూ ఒక కాగితం మంచం పక్కన పెట్టండి. ఎటు ఒత్తిగిలితే వచ్చింది, ఎన్ని సెకన్లుంది, రెండిట్లో ఎటువైపు గట్టిగా వచ్చింది, ఇవే రాయండి. వచ్చినప్పుడు లైటు వేసి, కళ్ళు తెరిచి ఉంచమని, ఫోన్‌తో కళ్ళని దగ్గరగా వీడియో తీయగలిగితే ఇంకా మంచిది. ఆ వీడియో తప్పకుండా పట్టుకెళ్ళండి. పొద్దున టిఫిను తేలిగ్గా పెట్టి తీసుకెళ్ళండి, వాంతి రావచ్చు. వచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చోబెట్టుకోకండి, ఆటోలో రండి.